గోడలు తడిమే జాగ్రత్తమ్మ

ఇల్లు చూడ్డానికి లోకంలో అందరూ తెరిపిగా ఉన్న రోజు వెళ్తారు. జాగ్రత్తమ్మ మాత్రం వాన పట్టిన రోజే బయల్దేరేది. అదీ చిన్నాచితకా జల్లు కాదు, దంచి కొట్టే వాన అయితేనే గొడుగు తీసేది. ఇళ్ళ బ్రోకరు పాపం మంచివాడే, కానీ ఆ గొడుగు వీధి చివర కనపడిందంటే వెనక గుమ్మంలోంచి జారుకోవడం నేర్చుకున్నాడు. ఎందుకు జారుకోడు? ఏ ఇల్లు చూపించినా ఆవిడ హాలు చూడదు, వంటగది చూడదు, గాలీ వెలుతురూ సంగతి అడగదు. తిన్నగా ఓ మూలకి వెళ్ళి గొంతుక్కూర్చుని, నేలకి జానెడు ఎత్తున గోడను అరచేత్తో తడిమేది. ఆ తర్వాత బీరువా జరపమనేది. ఇంటివాళ్ళు మొహమొహాలు చూసుకుంటూ జరిపితే, వెనకాల గోడ మీద గోధుమరంగు చార ఏమైనా ఉందేమోనని వెతికేది. చార కనపడిందా, "ఓహో, ఇక్కడిదాకా వచ్చాయన్నమాట నీళ్ళు" అని గొడుగు దులుపుకుని వెళ్ళిపోయేది. ఇంటి యజమాని చెప్పే మాట ఒక్కటీ చెవిన వేసుకునేది కాదు. అడగాల్సినదేమైనా ఉంటే ఆ వీధిలో కిరాణా కొట్టు అతన్ని అడిగేది, వానాకాలంలో బస్తాలు ఎంత ఎత్తు బల్ల మీద పెడతావని.

ఆవిడకు పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. జాగ్రత్తమ్మ అన్నది మరిది తగిలించిన పేరు. అతనిది అద్దాలు కోసే పని, నోరు కూడా అలాగే కోస్తుంది. వదిన గ్యాసు కట్టేసి, కొళాయి బిగించి, తాళం వేసి, వేసిన తాళం లాగి చూసి, నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తుంటే, "పదమ్మా జాగ్రత్తమ్మా!" అన్నాడు ఒకసారి. అందరూ నవ్వారు. అత్తగారూ నవ్వారు. మిగతావాళ్ళ నవ్వు ఆవిడ ఆ పూటకే మర్చిపోయింది. అత్తగారి నవ్వు మాత్రం ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే ఆ జాగ్రత్త పుట్టినప్పుడు పక్కన ఉన్న మనిషి అత్తగారే.

జాగ్రత్తమ్మ తల్లి లేని పిల్ల. పెళ్ళయి వచ్చాక అత్తగారే పక్కన కూర్చోబెట్టుకుని మిషను కుట్టడం నేర్పారు. పాత ఇంట్లో ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు పక్కపక్కనే ఉండేవి. అత్తాకోడళ్ళిద్దరూ ఊళ్ళో ఇళ్ళకు కర్టెన్లూ సోఫా కవర్లూ కుట్టేవాళ్ళు. ఒకనాటి పొద్దున వాననీళ్ళు చెప్పాపెట్టకుండా గుమ్మం దాటి వచ్చాయి. చూస్తూ చూస్తుండగానే మోకాలి మట్టం అయ్యాయి. ఇద్దరూ బట్ట కత్తిరించే బల్ల ఎక్కి కూర్చున్నారు. కొత్తగా పెట్టించుకున్న మిషను మోటారు కళ్ళముందే మునిగిపోతుంటే కోడలు భోరుమంది. "పోతే పోయిందిలేవే, మనం ఉన్నాం కదా" అని అత్తగారు ఆవిడ తలని ఒళ్ళోకి లాక్కున్నారు. నీళ్ళు తగ్గేదాకా అలాగే ఉన్నారు. నిజం చెప్పాలంటే జాగ్రత్తమ్మ బతుకులో అంత చల్లగా గడిచిన పూట మరొకటి లేదు. కానీ ఏం చేస్తాం, ఆవిడ అందులోంచి ఒడిని వదిలేసి నీళ్ళని గుర్తుపెట్టుకుంది.

తర్వాత మరిదికి పెళ్ళయి చిన్నమ్మాయి వచ్చింది. కోడళ్ళిద్దర్నీ అత్తగారు పెద్దమ్మాయ్, చిన్నమ్మాయ్ అని పిలిచేవారు. చిన్నమ్మాయిది జుట్టు కత్తిరించే పని. పొద్దస్తమానం ఎవరో ఒకరి తల చేతిలో పెట్టుకుని నిలబడే మనిషికి మాటలకు కొదవేముంటుంది? వచ్చిన వారానికే ఇల్లంతా నవ్వులు. ఒకరోజు అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు చెవులదాకా కత్తిరించి అద్దం చేతికిచ్చింది. అత్తగారు తనని తాను చూసుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఇన్నేళ్ళు పక్క మిషను మీద కూర్చున్న తనకి ఆ జుట్టు ముట్టుకోవాలని ఒక్కనాడైనా తోచలేదే అని జాగ్రత్తమ్మ కుతకుతా ఉడికిపోయింది. అసూయ అంటే ఆవిడ ఒప్పుకోదు. "నాకెందుకమ్మా అసూయ! ఆ పిల్లకి ముందూ వెనకా చూసుకోవడం తెలీదని నా బాధ" అనేది. ఒప్పుకోనంత మాత్రాన పోతుందా? అది అసూయే. కల్తీలేని అసూయ.

పాత ఇల్లు పడగొడుతున్నామని యజమాని కబురు పెట్టడంతో అన్నదమ్ములిద్దరూ చెరో ఇల్లు చూసుకోవాల్సి వచ్చింది. జాగ్రత్తమ్మ ఆ వానాకాలమంతా తడిసి, తుమ్మి, దగ్గి, ఆఖరికి గుట్ట మీద ఒక ఇల్లు పట్టింది. రెండు ఇరుకు గదులు. కిటికీ తీస్తే ఎదురింటి వెనక గోడ. ఆ గోడ పక్కనుంచి మెడ చాచి చూస్తే దూరంగా ఏరు, ఏటి ఒడ్డున వీధులు. రోడ్డు మీదనుంచి గుమ్మం దాకా మెట్లే మెట్లు. "నీళ్ళు ఈ జన్మలో ఇక్కడికి ఎక్కలేవు" అంది గర్వంగా. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. రోజంతా బస్సుల కింద పడుకుని లేచి, సాయంత్రం ఆ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కూలబడి, "నీళ్ళ సంగతి దేవుడెరుగు, నేను ఎక్కలేకపోతున్నానే" అనేవాడు.

చిన్నమ్మాయి ఎండ కాస్తున్న ఒక పూట వెళ్ళి, ఏటి ఒడ్డున ఒక ఇల్లు చూసి, గుమ్మంలో నిలబడే నచ్చిందనేసింది. "పొద్దున్నే వెలుగొచ్చి నేలంతా పరుచుకుంటుందక్కా, నువ్వు వచ్చి చూడాలి!" అంది. అక్క వెళ్ళి చూసింది. వెలుగు కాదు, గోడ. కొత్తగా వేసిన రంగు కింద చార దొరకనే దొరికింది. "ఇదిగో, నడుముదాకా వచ్చాయి ఎప్పుడో" అని వేలు పెట్టి చూపించింది. "ఎప్పుడో కదా వదినా" అన్నాడు మరిది. అంతటితో ఊరుకున్నాడా? యజమానిని ఒప్పించి ఏటి వైపు గోడ కొట్టించి బారెడేసి అద్దాల కిటికీలు పెట్టించాడు. చూసినవాళ్ళందరూ ఇల్లంటే ఇదీ అన్నారు. గుట్ట మీది ఇల్లు చూసినవాళ్ళు మాత్రం మంచినీళ్ళు అడిగారు.

పుండు మీద కారం చల్లినట్టు, ఆ కిటికీలకు కర్టెన్లు కుట్టాల్సింది కూడా ఆవిడే. "నేలదాకా జారేట్టు కుట్టక్కా" అని చిన్నమ్మాయి మురిపెంగా అడిగింది. "జానెడు పైకి ఉండనీ, తడవకుండా ఉంటాయి" అంది అక్క. చిన్నమ్మాయి నవ్వి మెడ చుట్టూ చేతులు వేసింది. జాగ్రత్తమ్మ పళ్ళు బిగపట్టి నేలదాకానే కుట్టింది. పని దగ్గర వంక పెట్టనిచ్చే మనిషి కాదు కదా. కుచ్చులు తీర్చి, అంచులు మడిచి, ఆ లేతనీలం బట్ట తన గదిలో పెద్దపెద్ద గుట్టలుగా పడి ఉంటే, ఇంత పొడవు కర్టెను వేలాడదీసే గోడ తనకి లేదని కడుపు మండిపోయింది.

అదంతా ఓర్చుకునేదేమో. అత్తగారు ఎవరి దగ్గర ఉంటారన్నది అసలు సంగతి. జాగ్రత్తమ్మ ఆవిడ కోసం మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ వేయించింది, తన మంచం గోడవారకు జరిపి ఇంకో మంచానికి చోటు చేసింది. అత్తగారు వచ్చి, మెట్ల మొదట్లో నిలబడి పైకి చూసి, "ఈ మోకాళ్ళతో ఎక్కలేనే పెద్దమ్మాయ్" అన్నారు. ఏటి ఒడ్డుకు వెళ్ళిపోయారు. ఎక్కలేవట ఆ మోకాళ్ళు! అవే మోకాళ్ళు రోజూ సాయంత్రం ఆ వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా తిరిగి, ఎదురింటి నర్సుతోనూ మూలమీది వడ్రంగితోనూ కబుర్లు చెప్పి వచ్చేవి. జాగ్రత్తమ్మకు అన్నీ తెలుస్తూనే ఉండేవి.

ఇక అప్పట్నుంచి ఆవిడకు ఒకటే పట్టుదల. తన ఇల్లే సరైనదని, ఎప్పటికైనా అత్తగారు ఒప్పుకుని తన దగ్గరికే రావాలని. మంచం కింద నీళ్ళ డబ్బాలు, కొవ్వొత్తులు, చిన్న రేడియో, డబ్బాల్లో పాడవని తిండి, గాయాల మందులు అన్నీ పేర్చింది. వాటి మీద దుప్పటి కప్పింది, ఇరుగూ పొరుగూ చూస్తే అవసరానికి మీద పడతారని. అసలు గుట్ట మీద ఆవిడకు ఎవరితోనూ మాటామంతీ లేదు. అత్తగారి కోసం విడిగా ఒక సంచి కుట్టి, అందులో మందులు, ఇంకో కళ్ళజోడు, టార్చి, మార్చుకునే బట్టలు సర్ది ఏటి ఒడ్డు ఇంట్లో పెట్టి వచ్చింది. ప్రతి సెలవు రోజూ ఏటి ఒడ్డుకు వెళ్ళేది. వెళ్తూనే సంచిలో టార్చి వెలిగించి చూడ్డం, మందుల గడువు చూడ్డం, ఆ తర్వాత గది గదికీ వంగి గోడ తడమడం. "ఇక్కడ చెమ్మ పెరిగింది" అనేది. "కూర్చోవే కాసేపు" అని అత్తగారు అనేవారు. "ఎక్కడ కూర్చోనత్తయ్యా, పనులున్నాయి" అని వచ్చేసేది. చిన్నమ్మాయి పక్కన అత్తగారు నవ్వుతుంటే చూస్తూ కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది?

ఆవిడ మనసులో ఇంకో కోరిక కూడా ఉండేది, మొగుడికి కూడా చెప్పలేదు. ఒక్కసారి నీళ్ళు రావాలి. మనుషులకేం కాకూడదు, ఎవరికీ చీమ కుట్టినంత బాధ కలగకూడదు. ఆ లేతనీలం కర్టెన్ల అంచులు తడిస్తే చాలు.

కోరుకున్నట్టే వచ్చింది వాన. పట్టిన ముసురు వదల్లేదు. ఒక పొద్దున జాగ్రత్తమ్మ కిటికీలోంచి మెడ చాచి చూస్తే ఏరు రంగు మారిపోయి, ఒడ్డున బట్టలుతికే బండలు మాయమైపోయాయి. చిన్నమ్మాయికి ఫోను చేసింది. ఎత్తలేదు. మరిదికి చేసింది. ఎత్తలేదు. గుండె దడదడలాడింది, అందులో భయం ఎంతో సంబరం ఎంతో ఆవిడకే తెలియదు. "చూశారా, నేను చెప్పలేదూ! లేవండి, అత్తయ్యని తెచ్చేద్దాం" అని మొగుణ్ణి లేపింది. మంచం కింది సరంజామాలో కొంత ఇంకో సంచిలో వేసి భుజాన తగిలించుకుని, అత్తగారి మంచం మీద దుప్పటి దులిపి పరిచి, తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగింది.

గుట్ట మీదనుంచి ఏటి వైపుకు దారి ఒక్కటే, రైలు వంతెన కిందనుంచి. రోడ్డు అక్కడ పళ్ళెంలా కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. ఆ పళ్ళెం ఇప్పుడు నిండా నీళ్ళు. మధ్యలో ఒక బస్సు కిటికీల దాకా మునిగి నిలబడి ఉంది. డ్రైవరు ఎప్పుడో దిగిపోయినట్టున్నాడు. మొగుడు బస్సు నంబరు చూసి, "మొన్ననే బ్రేకులు వేసిచ్చాను దీనికి" అన్నాడు నీరసంగా. ఈదడానికి లేదు, నడవడానికి లేదు.

జాగ్రత్తమ్మ నీళ్ళ అంచున నిలబడిపోయింది. ఊళ్ళో ఎన్ని గోడలు తడిమింది! ఎన్ని బీరువాలు జరిపించింది! గుట్ట మీది ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడూ వానే. కానీ అప్పుడు పాత ఇల్లు గుట్టకు అవతలి పక్కన ఉండేది, అటునుంచే వచ్చింది, అటే వెళ్ళింది. ఇంట్లోకి నీళ్ళు వస్తాయా అని చూసింది కానీ, నీళ్ళొస్తే ఇంట్లోంచి తన మనిషి దగ్గరికి వెళ్ళగలనా అని చూడలేదు. ఏ వానాకాలంలోనైనా వారం మధ్యలో ఒకసారి అత్తగారిని చూసి వద్దామని బయల్దేరి ఉంటే ఈ వంతెన సంగతి తెలిసేది. సెలవు రోజు వాన పడితే మానేసేది మరి, గోడలు ఎలాగూ తడిగానే ఉంటాయి కదా అని.

అప్పుడు మోగింది ఫోను. మరిది.

"వదినా, కంగారు పడకు. అందరం బాగున్నాం. నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. మేం వడ్రంగి వాళ్ళ మేడ మీద ఉన్నాం."

"అత్తయ్యో?"

"అమ్మని నర్సూ, మా వీధి టాక్సీ ఆయనా కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చేశారు, మేం సామాన్లు సర్దేలోపే. సంచి అక్కడే ఉండిపోయింది. ఏం ఫర్వాలేదులే, నర్సు దగ్గర అమ్మ మందులున్నాయట. ఇదిగో మాట్లాడు."

ఫోనులో వెనకాల బోలెడు గొంతులు. ఎవరో ఏదో అన్నారు, అందరూ ఘొల్లుమన్నారు. ఆ నవ్వుల్లో అత్తగారి నవ్వు జాగ్రత్తమ్మ ఇట్టే పట్టింది. "పెద్దమ్మాయ్, నాకేం భయం లేదే. టీ తాగుతున్నాను. నువ్వు వానలో తడవకు" అన్నారు అత్తగారు.

ఊపిరి పీల్చుకోవాలి. పీల్చుకుంది కూడా. కానీ ఊపిరితోపాటు ఇంకేదో కూడా లోపలికి వెళ్ళి అడ్డంగా నిలబడింది. వరద వచ్చింది, ఇల్లు మునిగింది, తను చెప్పినదంతా అక్షరాలా జరిగింది. అయినా అక్కడ నవ్వుతున్నారు, ఇక్కడ తను ఏడుస్తోంది. వాళ్ళ నవ్వు విని కుళ్ళుకుంటూ నీళ్ళ అంచున నిలబడిన తనని చూసుకుని ఆవిడకే సిగ్గేసింది. సిగ్గేసినా కుళ్ళు తగ్గలేదు.

నీళ్ళు తగ్గాక చిన్నమ్మాయీ మరిదీ అత్తగారిని తీసుకుని గుట్ట మీదికి వచ్చారు. అత్తగారు మెట్లు ఎక్కారు, మధ్యమధ్య కూర్చుంటూ. చిన్నమ్మాయి వచ్చీ రాగానే, "నువ్వే గెలిచావక్కా, నువ్వు చెప్పిందే నిజం" అని చేతులు పట్టుకుని ఏడ్చింది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. తీరా చెవిన పడితే చప్పగా ఉంది. జాగ్రత్తమ్మ మంచం కింద దుప్పటి తీసి తన సరంజామా అంతా చూపించింది. మరిది రేడియో తిప్పి, "మేం మేడమీద ఉన్నప్పుడు ఇది ఉంటే బాగుండేది వదినా" అన్నాడు, ఎగతాళి లేకుండా. అయినా ఆవిడకు తృప్తి కలగలేదు.

అత్తగారు మాత్రం కిటికీ దగ్గరే ఉండేవారు. మెడ చాచి అటే చూసేవారు. చిన్నమ్మాయీ మరిదీ పొద్దున్నే వెళ్ళి బురద ఎత్తిపోసి, గోడలు కడిగి, పొద్దువాలాక వచ్చేవాళ్ళు. పగలంతా అత్తాకోడళ్ళిద్దరే. ఇదే కదా కోరుకుంది! కానీ ఆవిడకు ఏం మాట్లాడాలో తోచేది కాదు. "చలిగా ఉందా అత్తయ్యా? కిటికీ మూయనా? మందు వేసుకున్నారా?" ఇంతే. మధ్యలో ఏటి ఒడ్డు వీధివాళ్ళు ఒక్కొక్కరే రొప్పుకుంటూ మెట్లెక్కి అత్తగారిని చూడ్డానికి వచ్చారు. వడ్రంగి తలుపు తీసిన జాగ్రత్తమ్మని చూసి, "పెద్దావిడ ఉన్నారాండీ? మీరెవరు?" అని అడిగాడు. ఆవిడ ఇంట్లోనే, ఆవిడ గుమ్మంలోనే నిలబడి! ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళి, వాళ్ళు అత్తగారితో చెప్పే కబుర్లన్నీ చెవులు రిక్కించుకుని విన్నది. అత్తగారికి తేళ్ళంటే భయమని, నిద్ర పట్టకపోతే లెక్కలు చెప్పుకుంటారని, చిన్నప్పుడు ఈత నేర్చుకోబోయి మునిగారని, అన్నీ వడ్రంగికి తెలుసు. తనకి ఒక్కటీ తెలియదు.

ఇల్లు ఓ దారికి వచ్చిందని చిన్నమ్మాయి చెప్పిన పొద్దున అత్తగారు బట్టలు సర్దుకున్నారు. టాక్సీ ఆయన కింద రోడ్డు మీద బండి ఆపి ఉన్నాడు. చిన్నమ్మాయీ మరిదీ సామాను దింపుతున్నారు. జాగ్రత్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆ గోడలు ఇంకా ఆరలేదత్తయ్యా. పైకి ఆరినట్టు కనిపిస్తాయి కానీ లోపల నీళ్ళుంటాయి. మళ్ళీ వానాకాలం వస్తుంది. ఇక్కడ మీకు ఏ భయమూ లేదు కదా, ఉండిపోండి."

"భయం లేదే. నాకు తెలుసు."

"మరి నేనేం తక్కువ చేశాను?" అనేసింది. ఇన్నేళ్ళూ లోపల నొక్కిపెట్టింది కట్ట తెగినట్టు వచ్చేసింది. "దానికంటే ముందు వచ్చాను మీ ఇంటికి. మీ కోసమే కదా ఈ ఇల్లు వెతికింది, వానలో తడిసి తడిసి! మీరేమో దాని పక్కనే ఉంటారు, దాని మాటకే నవ్వుతారు. నాకు కుళ్ళుగా ఉంది. అవును, కుళ్ళే!"

అత్తగారు మంచం అంచున కూర్చుండిపోయారు.

"నువ్వేం తక్కువ చెయ్యలేదే పెద్దమ్మాయ్. ఆ ఇంటికి నువ్వు ఎన్నిసార్లు వచ్చావో. ప్రతిసారీ గోడలు చూశావు, మందులు చూశావు, టార్చి చూశావు. నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో నీకు గుర్తుందా? నువ్వొచ్చే రోజు పొద్దున్నుంచీ నేను గుమ్మంలో కూర్చునేదాన్ని. నువ్వు నన్ను దాటుకుని వెళ్ళి గోడ తడిమేదానివి."

జాగ్రత్తమ్మ గుమ్మం వదిలేసింది. వచ్చి అత్తగారి పక్కన కూర్చోబోయింది. "ఇప్పుడు కూర్చోనా అత్తయ్యా?" అంది చిన్నపిల్లలా.

"ఇప్పుడు బండి ఎదురుచూస్తోందే" అన్నారు అత్తగారు. విసుగ్గా కాదు, మామూలుగానే అన్నారు.

ఇద్దరూ మెట్లు దిగారు. అత్తగారు ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో కోడలి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. కింద చిన్నమ్మాయి వెనక తలుపు తీసి చెయ్యి చాచింది. అత్తగారు భుజం వదిలి ఆ చెయ్యి అందుకుని లోపలికి ఎక్కి సర్దుకుని కూర్చున్నారు. వదిలిన భుజం ఒక్కసారిగా తేలికైపోయింది, ఆ తేలిక జాగ్రత్తమ్మ భరించలేకపోయింది. మరిది అవతలి వైపునుంచి ఎక్కి మూటలు ఒళ్ళో పెట్టుకున్నాడు. చిన్నమ్మాయి అత్తగారి పక్కన మిగిలిన చోటులోకి వంగబోతూ వెనక్కి తిరిగి, "నువ్వూ రాకూడదా అక్కా, ముందు సీటు ఖాళీగానే ఉంది" అంది. రమ్మన్న ప్రతిసారీ పనుందనే మనిషి ఇప్పుడూ అదే అంటుందనుకుంది కాబోలు, జవాబు కోసం ఆగను కూడా లేదు.

జాగ్రత్తమ్మ చిన్నమ్మాయి మోచెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది.

"నువ్వు ముందు కూర్చో" అంది. "అత్తయ్య పక్కన నేను కూర్చుంటాను."